సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు: పాత మారుతి 800కు ఏం చేయాలి?

ప్రశ్న: మాది 1997 నాటి మారుతి 800, కార్బొరేటర్ బండి. మా నాన్నగారు కొన్నది. నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి, భీమవరం దగ్గర పల్లెటూళ్ళో ఉంటాం. జూన్‌లో బెంగుళూరులో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వెళ్ళి సెప్టెంబరు చివర్లో తిరిగి వచ్చాం. అన్నాళ్ళూ బండి రేకుల షెడ్డులోనే ఉంది. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే కొత్తది వేయించాను. ఇప్పుడు సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతోంది గానీ ఇంజన్ అందుకోవడం లేదు. చోక్ లాగి చూశాను, యాక్సిలరేటర్ తొక్కి చూశాను. మా ఊరి మెకానిక్ వచ్చి కార్బొరేటర్‌లో కాస్త పెట్రోలు పోసి సెల్ఫ్ కొడితే రెండు మూడు సెకన్లు ఆడి ఆగిపోయింది. కార్బొరేటర్ మొత్తం మార్చాలని ఆయన అంటున్నారు. టౌన్‌లో ఇంకొకరు, కాయిల్, డెల్కో కూడా మార్చి చూద్దామంటున్నారు. మా అల్లుడు తుక్కుకు ఇచ్చేయమంటున్నాడు. బండి మీద మమకారం ఉంది, కానీ తెలియకుండా డబ్బు పోయడం ఇష్టం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం:

మాస్టారు గారికి నమస్కారం.

మీరు మాటవరసకు రాసిన ఒక వాక్యంలోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. మెకానిక్ పెట్రోలు పోసినప్పుడు ఇంజన్ రెండు మూడు సెకన్లు ఆడి ఆగిపోయిందని రాశారు. ఆ కొద్దిసేపూ ఇంజన్ లోపల ఏం జరిగిందో ఒకసారి లెక్క వేసి చూద్దాం. మీ బండిది 796 సి.సి. ఇంజన్, మూడు సిలిండర్లు. నిమిషానికి 800 చుట్లు తిరిగినా సెకనుకు పదమూడు చుట్లకు పైగా తిరిగినట్లు. ఇటువంటి నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ప్రతి రెండు చుట్లకు మూడు సిలిండర్లూ ఒక్కొక్కసారి మండుతాయి కాబట్టి, మూడు సెకన్లు ఆడిందంటే కాయిల్ సుమారు 60 సార్లు కరెంటు పుట్టించింది, డెల్కో దానిని వరస తప్పకుండా మూడు సిలిండర్లకూ పంచింది, ప్లగ్గులు మంట వేశాయి, పిస్టన్లు గాలిని తగినంత నొక్కాయి, వాల్వులు వేళకు తెరుచుకుని మూసుకున్నాయి. ఇన్ని పనులు సవ్యంగా జరిగిన ఇంజన్‌కు కాయిల్, డెల్కో మార్చవలసిన కారణం నాకు కనబడడం లేదు. కాబట్టి ఆ రెండింటి మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

లోపించింది పెట్రోలు. బయటి నుంచి పోసినంతసేపు ఆడి, అది అయిపోగానే ఆగిపోయిందంటే, ట్యాంకు నుంచి రావలసిన పెట్రోలు సిలిండర్ల దాకా రావడం లేదని అర్థం. అయితే దానికి కార్బొరేటర్ ఒక్కటే కారణమని చెప్పడం కూడా తొందరపాటే. ట్యాంకులోని పెట్రోలు బండి అడుగున ఉన్న ఇనుప పైపు గుండా ముందుకు వచ్చి, ఫిల్టర్ దాటి, మెకానిక్కులు ఏ.సి. పంపు అని పిలిచే పెట్రోలు పంపులోకి చేరి, అక్కడి నుంచి రబ్బరు పైపు ద్వారా కార్బొరేటర్‌లోని ఫ్లోట్ గిన్నెలోకి వచ్చి, ఆ తరువాతనే జెట్లు అనే సన్నరంధ్రాల ఇత్తడి ముక్కల గుండా ఇంజన్‌లోకి పోతుంది. ఈ దారిలో కార్బొరేటర్ చిట్టచివరిది. పెట్రోలు అక్కడిదాకా వస్తోందో లేదో చూడకుండా దానిని మార్చితే, కొత్త కార్బొరేటర్ కూడా ఎండిన గిన్నెతోనే కూర్చుంటుంది. ఎక్కడిదాకా వస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది అన్నది తేల్చడమే మనం చేయవలసిన పని. దానికి ఒక పూట, ఒక మనిషి తోడు, ఒక గాజు సీసా ఉంటే చాలు.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. కార్బొరేటర్ గొంతులోకి సీసాతో పెట్రోలు పోస్తూ ఇంకొకరి చేత సెల్ఫ్ కొట్టించడం మన మెకానిక్కులకు బాగా అలవాటైన పద్ధతి. ఇంజన్ ఒక్కసారి వెనక్కి తన్నితే గొంతులో నుంచి మంట పైకి లేస్తుంది, చేతిలో ఉన్న సీసా అంటుకుంటుంది. ఆ పరీక్ష మళ్ళీ చేయవలసి వస్తే, సూది తీసేసిన సిరంజితో ఐదు మిల్లీలీటర్లు పోసి, సీసాకు మూత పెట్టి దూరంగా ఉంచి, ఎయిర్ ఫిల్టర్ మూత తిరిగి బిగించిన తరువాతనే సెల్ఫ్ కొట్టాలి. బండిని న్యూట్రల్‌లో పెట్టి షెడ్డులో నుంచి ఆరుబయటకు తోయించండి, హ్యాండ్‌బ్రేక్ వేయండి, దగ్గరలో ఒక బక్కెట్టు ఇసుక ఉంచండి. పెట్రోలు మంట మీద నీళ్ళు పోయకూడదని మీకు నేను చెప్పనక్కరలేదు గానీ, సహాయానికి వచ్చిన కుర్రాడికి మాత్రం చెప్పండి.

ఇక మొదటి పరీక్ష. తాళం చెవి తీసేసి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత విప్పి, లోపలి ఫిల్టర్ బయటకు తీయండి. మూడు నెలలు నిలిచిన బండి కాబట్టి ఆ డబ్బాలో ఎలుకలు పీచు, గుడ్డముక్కలు చేర్చి గూడు పెట్టాయేమో ముందు చూడండి. పల్లెటూరి షెడ్డులలో ఇది వింతేమీ కాదు. ఇప్పుడు కార్బొరేటర్ గొంతు కనిపిస్తుంది. అందులో పైన ఉన్న రేకు చోక్‌ది. లోపల ఎవరినైనా కూర్చోబెట్టి చోక్ పిడి లాగించి, ఆ రేకు గొంతును పూర్తిగా మూస్తోందో లేదో చూడండి. కేబుల్ తుప్పుపట్టి పిడి మాత్రమే బయటకు వచ్చి రేకు కదలకపోతే, మీరు చోక్ లాగినా లాగనట్టే. రేకు సరిగానే కదులుతుంటే, దానిని తెరిచి పట్టుకుని, టార్చిలైటు వేసి గొంతులోకి చూస్తూ, యాక్సిలరేటర్ కేబుల్ తగిలించి ఉన్న లీవరును చేత్తో ఒక్కసారి పూర్తిగా లాగండి. గొంతు పక్కగోడలో ఉన్న సన్నని ఇత్తడి ముక్కు నుంచి పెట్రోలు దారంలాగా సూటిగా చిమ్మాలి. రెండోసారి లాగితే మళ్ళీ చిమ్మాలి.

చిమ్మితే గిన్నెలో పెట్రోలు ఉన్నట్టే. దోషం కార్బొరేటర్ లోపలి జెట్లలోనో, ఆ పెట్రోలులోనే ఉండవచ్చు. చిమ్మకపోతే గిన్నె ఎండిపోయి ఉండవచ్చు, లేదా చిమ్మించే చిన్న పంపు తోలు చెడిపోయి ఉండవచ్చు. ఈ అనుమానం తీర్చుకోవడానికి కార్బొరేటర్ పక్కన చిన్న గుండ్రని గాజుబిళ్ళ ఉందేమో చూడండి. ఉంటే, దాని వెనుక పెట్రోలు మట్టం దాదాపు మధ్యలో ఒక గీతలాగా కనబడాలి. గాజు మురికిపట్టి ఉంటే గుడ్డతో తుడిచి, బండిని బానెట్ దగ్గర పట్టుకుని కొద్దిగా ఊపండి. పెట్రోలు ఉంటే గీత కదులుతుంది.

మీ బండిలో గిన్నె ఎండిపోయి ఉంటుందనే నేను అనుకుంటున్నాను. అది తప్పు కూడా కాదు. ఫ్లోట్ గిన్నెకు గాలి ఆడే రంధ్రం ఉంటుంది కాబట్టి అందులోని పెట్రోలు కొన్ని వారాలలో ఆవిరైపోతుంది. ఏ.సి. పంపును నడిపేది ఇంజన్‌లోని క్యామ్‌షాఫ్ట్. ఇంజన్ తిరిగితేనే అది పని చేస్తుంది. సెల్ఫ్ మీద ఇంజన్ మెల్లగా తిరుగుతుంది కాబట్టి పంపు కూడా మెల్లగానే లాగుతుంది, పైగా పైపుల్లోని పెట్రోలు కూడా వెనక్కి జారిపోయి ఉంటే ముందు గాలినంతా లాగాలి. పాత బోరింగు పంపులో చెంబెడు నీళ్ళు పోసి కొడితే గానీ నీళ్ళు ఎక్కనట్లే, ఆరిపోయిన పంపుకూ మొదట కొంత ఊతం కావాలి. అందువల్ల మూడు నెలలు ఆగిన కార్బొరేటర్ బండి నాలుగైదు సార్లు సెల్ఫ్ కొట్టినంతలో అందుకోకపోతే అది జబ్బు అనుకోనక్కరలేదు. ఒక్కోసారి పది సెకన్లకు మించకుండా సెల్ఫ్ కొట్టి, మధ్యలో కనీసం అర నిమిషం మోటారుకు విశ్రాంతి ఇవ్వాలి. ఆపకుండా కొడితే మోటారు వేడెక్కి మాడిపోతుంది, మీరు కొత్తగా వేయించిన బ్యాటరీ కూడా దిగిపోతుంది.

అయితే మీరూ, మెకానిక్కూ కలిసి ఇప్పటికే చాలాసార్లు కొట్టి ఉంటారు. అందుకని రెండో పరీక్షకు రండి. కాయిల్‌కు వచ్చే సన్న వైర్లలో ప్లస్ గుర్తు దగ్గర ఉన్నదానిని ఊడదీసి, దాని కొసకు టేపు చుట్టండి. ఇక సెల్ఫ్ తిరిగినా ప్లగ్గుల దగ్గర నిప్పురవ్వ పుట్టదు. ఈ పని చేయకుండా పెట్రోలు పైపు విప్పడం ప్రాణాలతో చెలగాటం. ఆ తరువాత పంపు నుంచి కార్బొరేటర్‌కు వెళ్ళే రబ్బరు పైపును కార్బొరేటర్ వైపున విప్పి, కొసను గాజు సీసాలోకి దించి, తోడు వచ్చిన వారి చేత పది సెకన్లు సెల్ఫ్ కొట్టించండి. పంపు బాగుంటే పెట్రోలు ఆగి ఆగి, తెరలు తెరలుగా సీసాలోకి కొడుతుంది. రెండు మూడు సార్లు కొట్టించినా చుక్క రాకపోయినా, బుడగలు మాత్రమే వచ్చినా, లోపం పంపులోనో దాని వెనుకనో ఉంది.

ఆ రెండింటిలో ఏదో తేల్చడం కష్టం కాదు. పంపులోకి పెట్రోలు వచ్చే పైపును పంపు దగ్గర విప్పి, దాని స్థానంలో ఒక మూరెడు కొత్త రబ్బరు పైపు తగిలించి, రెండో కొసను కొత్త పెట్రోలు ఉన్న సీసాలో ముంచి, మళ్ళీ సెల్ఫ్ కొట్టించండి. విప్పిన పాత పైపు కొస ట్యాంకు వైపుది, దానిలో నుంచి పెట్రోలు కారకుండా మూయడం మరవకండి. ఇప్పుడు పంపు బాగా కొడితే పంపు నిర్దోషి. లోపం ఫిల్టర్‌లోనో, అడుగు పైపులోనో, ట్యాంకులోనో ఉంది. అప్పటికీ కొట్టకపోతే పంపు లోపలి రబ్బరు పొర చిరిగిపోయి ఉంటుంది, లేదా వాల్వులు అంటుకుపోయి ఉంటాయి. పంపు మార్చడం తప్పదు, అది కార్బొరేటర్ ఖర్చుతో పోలిస్తే చిన్నదే.

పంపు మీద అనుమానం ఉన్నప్పుడు ఇంజన్ ఆయిల్ కూడా చూడాలి, దీనిని చాలామంది వదిలేస్తారు. పొర చిరిగితే పెట్రోలు కార్బొరేటర్‌కు పోవడానికి బదులు ఇంజన్ లోపలికి కారి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ మట్టం కొలిచే కడ్డీ, అంటే డిప్‌స్టిక్, తీసి వాసన చూడండి; ఘాటైన పెట్రోలు వాసన వచ్చినా, ఆయిల్ మట్టం పై గీతను దాటి ఉన్నా, ఆయిల్ నీళ్ళలాగా పలచబడినా, ఇక సెల్ఫ్ కొట్టకండి. పంపుతో పాటు ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చిన తరువాతనే బండిని స్టార్టు చేయాలి. పలచబడిన ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి. వందల్లో తేలే పని వేలల్లోకి పోయేది అక్కడే.

పంపు బాగుండి వెనుక నుంచి పెట్రోలు రాకపోతే, ముందు తేలికైనవి చూడండి. ట్యాంకు మూత విప్పి పెట్టి ఒకసారి సెల్ఫ్ కొట్టించి చూడండి. ట్యాంకులోకి గాలి పోయే దారి మూసుకుపోతే లోపల శూన్యం ఏర్పడి పెట్రోలు కదలదు. మూత విప్పుతున్నప్పుడు బుస్సుమని గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వస్తే కారణం దొరికినట్టే. కందిరీగలు మట్టిగూడు కట్టి సన్న గొట్టాలను మూసేయడం మన వైపు మామూలే. తరువాత ఫిల్టర్. అది చవకైన వస్తువు, ఎలాగూ మార్చవలసిందే. పాతదానిని విప్పినప్పుడు పారేయకుండా, పెట్రోలు లోపలికి వచ్చే కొసను తెల్లని పళ్ళెంలోకి వంచి దులపండి. ఎర్రని పొడి రాలితే ట్యాంకు తుప్పుపట్టింది. నల్లని రబ్బరు నలుసులు రాలితే పైపులు లోపలి నుంచి కరుగుతున్నాయి.

ఇక్కడ పెట్రోలు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ బండి తయారైన నాటి పెట్రోలు వేరు, ఇవాళ బంకులో పోస్తున్న పెట్రోలు వేరు. 2023 ఫిబ్రవరిలో మొదలుపెట్టి దేశమంతటా దశలవారీగా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు తెచ్చారు. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది. ట్యాంకు సగం ఖాళీగా ఉండి, గోదావరి జిల్లాల వానాకాలపు తేమగాలి దానిలోకి వస్తూ పోతూ ఉంటే, ఆ తేమను ఇథనాల్ పట్టుకుంటుంది. కొంతవరకు అది పెట్రోలులోనే కలిసి ఉంటుంది. నీరు మరీ ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. పంపు లాగేది అడుగు నుంచే కాబట్టి, పంపు బాగున్నా, కార్బొరేటర్ బాగున్నా, ఇంజన్‌కు అందేది మండని ద్రవం. మూడు నెలల్లో పెట్రోలులోని తేలికైన భాగం కూడా కొంత ఎగిరిపోతుంది. చల్లని ఇంజన్ అందుకోవడానికి కావలసింది ఆ భాగమే.

దీనిని కనిపెట్టడం తేలిక. పంపు పరీక్షలో గాజు సీసాలోకి పట్టిన పెట్రోలును పారబోయకుండా, మూత బిగించి, పొయ్యికీ పిల్లలకూ దూరంగా నీడలో ఒక రాత్రి కదలకుండా ఉంచండి. తెల్లవారి సీసాను వెలుతురుకు ఎత్తి చూస్తే, మంచి పెట్రోలు పై నుంచి కింది దాకా ఒకే రంగులో తేటగా ఉంటుంది. అడుగున వేరే పొర తేలి, మధ్యలో స్పష్టమైన గీత కనబడినా, మొత్తం మజ్జిగతేటలాగా మసకగా ఉన్నా, ఆ పెట్రోలు పనికిరాదు. అప్పుడు పైన కొత్త పెట్రోలు పోసి సర్దుకుందామనుకోవద్దు. అడుగున ఉన్నది అడుగునే ఉంటుంది. ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయించి, దింపించి, కడిగించి, ఆరబెట్టించి, ఐదు లీటర్ల కొత్త పెట్రోలుతో మొదలుపెట్టాలి. తీసిన పెట్రోలును కాలవలోనో మురుగులోనో పోయకండి, గ్యారేజీ వాళ్ళకు ఇచ్చేయండి.

ఇథనాల్ పాత రబ్బరుకు కూడా పడదు. 1997లో బిగించిన పైపులు ఇంకా అలాగే ఉంటే, వేలితో నొక్కి చూడండి: కొన్ని రాయిలాగా బిగుసుకుని వంచితే పగుళ్ళు తేలతాయి, కొన్ని ఉబ్బి మెత్తబడి ఉంటాయి. పంపు లాగే వైపున ఉన్న పైపుకు వెంట్రుకవాసి పగులు ఉన్నా చాలు, పెట్రోలు బయటకు కారకపోయినా గాలి లోపలికి దూరి పంపు పెట్రోలును లాగలేదు. మూడు నాలుగు మూరల పైపు పెద్ద ఖర్చు కాదు కాబట్టి అన్నీ ఒకేసారి మార్పించండి. దుకాణంలో మామూలు రబ్బరు పైపు ఇస్తే తీసుకోకుండా, ఇథనాల్ పెట్రోలుకు పనికివచ్చేది, పైన 30 ఆర్ 9 అని ముద్ర ఉన్నది అడగండి. కొలత కోసం పాత పైపు ముక్క చేతిలో పట్టుకుని వెళ్ళండి. కొత్త క్లిప్పులు కూడా తీసుకోండి.

ఇవన్నీ దాటి కార్బొరేటర్ దాకా పెట్రోలు చక్కగా వస్తూ, గిన్నె కూడా నిండి, అయినా ఇంజన్ ఆడకపోతే, అప్పుడు మీ ఊరి మెకానిక్ మాట నిజమయ్యే అవకాశం ఉంది. అప్పుడు కూడా కార్బొరేటర్ మొత్తం మార్చవలసిన పని సాధారణంగా ఉండదు. గిన్నె విప్పితే అడుగున జిగురులాంటి పూత, తెల్లని పొడి కనిపిస్తాయి. ఎండిపోయిన పెట్రోలు మిగిల్చినవీ, తేమకు లోహం చెడి ఏర్పడినవీ అవే. సన్నని జెట్లు వాటితో మూసుకుపోతాయి. కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి, గంటసేపు నాననిచ్చి, కంప్రెసర్ గాలితో ఊది, గాస్కెట్ల కిట్ కొత్తది వేసి బిగిస్తే చాలు. జెట్లలో గుండుసూది, తీగ పెట్టి పొడవనివ్వకండి. అవి మెత్తని ఇత్తడివి. రంధ్రం రవ్వంత వెడల్పయినా బండి ఆ తరువాత జీవితాంతం పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఫ్లోట్ నీడిల్ గిన్నె నోటిలో అంటుకుపోయి పెట్రోలు లోపలికి రానివ్వకపోవడం కూడా నిలిచిన బండ్లలో తరచూ జరిగేదే. స్క్రూడ్రైవరు పిడితో గిన్నె పక్కన మెల్లగా రెండు మూడు దెబ్బలు తట్టితే ఒక్కోసారి అది వదులుతుంది. ఈ చిట్కాను మీ మెకానిక్ ఇదివరకే ప్రయత్నించి ఉంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

కార్బొరేటర్‌కు ఒక సన్న వైరు వచ్చి కలిసే చిన్న సోలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వు) ఉంటే దానినీ చూడండి. తాళం ఆన్ చేసినప్పుడు అది టిక్కుమనాలి. ఆ శబ్దం రాకపోతే ఫ్యూజు పోయి ఉండవచ్చు, లేదా ఎలుకలు వైరు కొరికి ఉండవచ్చు. ఆ సోలినాయిడ్ తెరుచుకోకపోతే ఐడిలింగ్ పెట్రోలు ఆగిపోతుంది.

మీరు చోక్ లాగి యాక్సిలరేటర్ తొక్కుతూ చాలాసేపు కొట్టారు కాబట్టి ఇంకొక మాట. పెట్రోలు దారి సరిచేసిన తరువాత ఇదే అలవాటు కొనసాగిస్తే ఇంజన్ ఓవర్‌ఫ్లో అయి ప్లగ్గులు తడిసిపోతాయి, అప్పుడు కరెంటు ఉన్నా మంట రాదు. ఘాటుగా పెట్రోలు వాసన వస్తుంటే చోక్ పూర్తిగా లోపలికి నెట్టి, యాక్సిలరేటర్‌ను అడుగుదాకా తొక్కి పట్టుకుని, ఎత్తకుండా, ఐదారు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. అప్పటికీ అందుకోకపోతే ప్లగ్గులు తీసి ఆరబెట్టాలి. ప్లగ్గు వైర్లు తీసేముందు ఫోనుతో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ఈ ఇంజన్ మండే వరస 1-3-2, రెండు వైర్లు తారుమారైతే బండి దగ్గుతూ వెనక్కి తన్నుతుంది తప్ప స్టార్టు కాదు. ఒకరి తరువాత ఒకరు చేయి పెట్టిన బండ్లలో కొత్తగా పుట్టే జబ్బులలో ఇదే మొదటిది.

ఇదే తరహా బండి ఉన్న ఇతర పాఠకులకు పెట్రోలు పోసినా ఒక్కసారి కూడా ఇంజన్ అందుకోలేదనుకోండి, వారు కరెంటు వైపు చూడాలి. ముందుగా డెల్కో మూత తీసి, సెల్ఫ్ కొట్టించి, లోపలి రోటార్ తిరుగుతోందో లేదో చూడాలి. ఈ ఇంజన్‌లో డెల్కోను తిప్పేది క్యామ్‌షాఫ్ట్, క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పేది రబ్బరు టైమింగ్ బెల్టు. రోటార్ కదలకపోతే బెల్టు తెగిపోయిందని అనుకోవాలి, ఇక సెల్ఫ్ కొట్టకుండా మెకానిక్‌ను పిలవాలి. రోటార్ తిరుగుతుంటే డెల్కో మూత లోపలివైపు పొడిగుడ్డతో తుడిచి, నల్లని సన్నగీతలు, పగుళ్ళు ఉన్నాయేమో చూడాలి. వానాకాలంలో ఆ గీతల వెంటే కరెంటు దారి తప్పుతుంది. చీకటిపడ్డాక బానెట్ ఎత్తి సెల్ఫ్ కొట్టిస్తే పాత ప్లగ్గు వైర్ల మీద నీలిరంగు మెరుపులు పాకడం కంటికే కనిపిస్తుంది. ప్లగ్గు తీసి చేత్తో పట్టుకుని మంట చూడడం మాత్రం వద్దు, ఆ వైరులో వేల వోల్టులు ఉంటాయి. జంపర్ వైరుతో ప్లగ్గు లోహాన్ని ఇంజన్‌కు కలిపి దూరం నుంచి చూడాలి, అదీ పెట్రోలు పైపులన్నీ బిగించిన తరువాతనే.

2000 సంవత్సరం ప్రాంతం నుంచి వచ్చిన ఎం.పి.ఎఫ్.ఐ. బండ్లకు, అంటే కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మే బండ్లకు, పై పెట్రోలు పరీక్షలు వర్తించవు. వాటిలో పంపు ట్యాంకులోనే ఉండి కరెంటుతో నడుస్తుంది. తాళం ఆన్ చేయగానే వెనుక సీటు వైపు నుంచి రెండు సెకన్లపాటు సన్నని గుయ్యిమనే శబ్దం వినిపించాలి. వినిపించకపోతే ఫ్యూజు, రిలే చూడాలి. ఆ బండ్లలో పెట్రోలు పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి ఇంట్లో విప్పకూడదు.

తుక్కుకు ఇచ్చేయమన్న మీ అల్లుడుగారి మాట గురించి. సెల్ఫ్ మీద చక్కగా తిరిగి, పెట్రోలు పోస్తే మూడు సెకన్లు ఆడిన ఇంజన్ తుక్కు కాదు. ఈ బండి తయారీ 2014లో ఆగిపోయినా, ఏ.సి. పంపు, ఫిల్టర్, కార్బొరేటర్ కిట్ ఇప్పటికీ పెద్ద ఊళ్ళలో దొరుకుతాయి. బండిని ఉంచుకోవాలా వద్దా అన్నది అడుగున రేకు ఎంత తుప్పుపట్టింది, ఆర్.సి. గడువు ఎంతవరకు ఉంది అన్నవాటిని బట్టి ఆలోచించండి. ఈ స్టార్టింగ్ జబ్బును బట్టి నిర్ణయించకండి.

మీ ఊరి మెకానిక్‌తోనే ఈ పని చేయించుకోవచ్చు. ఆయన చేసిన పరీక్ష సరైనదే, దాని నుంచి తీసిన తీర్పు ఒక్కటే ఒక మెట్టు ముందుకు పోయింది. కార్బొరేటర్ విప్పేముందు పంపు దగ్గర పెట్రోలు పట్టి చూపించమని మాత్రం అడగండి. అన్నీ చేసినా బండి కదలకపోతే ఈ నాలుగు సంగతులు రాసి పంపండి: లీవరు లాగినప్పుడు గొంతులో పెట్రోలు చిమ్మిందా, పంపు సీసాలోకి కొట్టిందా, రాత్రి నిలవబెట్టిన సీసాలో పొర తేలిందా, డిప్‌స్టిక్ ఏ వాసన వచ్చింది.